చమురు ఆదాయం, ప్రభుత్వ రుణ నిలకడ: గల్ఫ్ దేశాలు, కృష్ణా–గోదావరి తీరం

ఒక ప్రభుత్వం తన అప్పుల మీద అసలు, వడ్డీ గడువు ప్రకారం చెల్లిస్తూ, ఆ చెల్లింపుల కోసమే నానాటికీ పెద్ద అప్పులు చేయాల్సిన స్థితిలో పడకుండా ఉండగలగడాన్ని ప్రభుత్వ రుణ నిలకడ అంటారు. చమురు, సహజవాయువు ఎగుమతి చేసే దేశాల్లో ఈ ప్రశ్న మరింత జటిలం. అక్కడ ఖజానాకు వచ్చే సొమ్ము ప్రపంచ మార్కెట్ ధరను బట్టి ఏటేటా మారిపోతుంది. పైగా అది భూమిలోని ఆస్తిని అమ్మగా వచ్చిన సొమ్ము; ఒకసారి తోడిన పీపా మళ్లీ పుట్టదు.

భారతదేశం తనకు కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటుంది. కాబట్టి ఆంధ్రప్రదేశ్ చమురు ఎగుమతి ప్రాంతం కాదు. అయినా ఈ విషయం తెలుగువారికి మూడు వైపుల నుంచి తగులుతుంది. గల్ఫ్ ప్రభుత్వాల లోటు అక్కడ పనిచేసే తెలుగువారి జీతాల మీద పడుతుంది. కృష్ణా–గోదావరి తీరంలో చమురు, వాయువు ఉన్నా వాటి ఆదాయంలో అధిక భాగం రాష్ట్రానికి దక్కదు. రాష్ట్ర ఖజానాకు వచ్చే పెట్రోలు, డీజిలు పన్ను కూడా చమురు ధరతో పాటే కదులుతుంది.

లోటు, రుణం: నిర్వచనాలు

ప్రభుత్వ మొత్తం ఖర్చులోంచి అప్పులు కాని రాబడులన్నీ తీసివేస్తే మిగిలేది ద్రవ్యలోటు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల వంటి రోజువారీ ఖర్చు రెవెన్యూ రాబడిని మించితే అది రెవెన్యూ లోటు. ద్రవ్యలోటులోంచి వడ్డీ చెల్లింపులు తీసివేస్తే ప్రాథమిక లోటు వస్తుంది. పాత అప్పుల భారాన్ని పక్కనపెట్టి, ఈ ఏడాది నిర్ణయాలు ఎలా ఉన్నాయో చెప్పేది ఇదే.

చమురు దేశాలకు వీటికి తోడు మరో రెండు కొలతలు వాడతారు. చమురు రాబడిని పూర్తిగా మినహాయించి లెక్కగట్టేది చమురేతర ప్రాథమిక లోటు. ఏ ధర దగ్గర బడ్జెట్ రాబడి, ఖర్చు సరిసమానం అవుతాయో చెప్పేది బడ్జెట్ సమతుల్య ధర. అంతర్జాతీయ ద్రవ్యనిధి దీన్ని దేశాలవారీగా ప్రకటిస్తుంది. పైకి మిగులు చూపిస్తున్న దేశంలో చమురేతర లోటు భారీగా ఉండవచ్చు. అసలు బలహీనత అక్కడే బయటపడుతుంది.

నిలకడ లెక్క

రుణాన్ని సాధారణంగా స్థూల ఉత్పత్తిలో శాతంగా చెబుతారు. ఈ నిష్పత్తి పెరగడం, తగ్గడం మూడు అంశాల మీద ఆధారపడుతుంది: ప్రాథమిక లోటు, అప్పుల సగటు వడ్డీ రేటు, ఆర్థిక వ్యవస్థ వృద్ధి రేటు. ఉదాహరణకు రుణం 35 శాతం, వడ్డీ 7.5 శాతం, ధరల పెరుగుదలతో కలిపి వృద్ధి 10.5 శాతం అనుకుంటే, ఏటా దాదాపు ఒక శాతం ప్రాథమిక లోటు నడిపినా నిష్పత్తి పెరగదు. వృద్ధి వడ్డీ రేటు కంటే కిందికి దిగిందా, అదే లోటుతో అప్పు పేరుకుపోతుంది.

చమురు దేశంలో ఈ లెక్క ఒక్క ఏడాదిలో తారుమారు కావచ్చు. ఉత్పత్తి 100, అందులో చమురు వాటా 40, రుణం 30 ఉన్న దేశాన్ని తీసుకుందాం. చమురు ధర సగానికి పడితే ఉత్పత్తి విలువ 80కి దిగుతుంది. కొత్తగా పైసా అప్పు చేయకుండానే రుణ నిష్పత్తి 30 నుంచి 37.5 శాతానికి చేరుతుంది. అదే ఏడాది రాబడి కూడా పడిపోతుంది కాబట్టి కొత్త అప్పు దాని మీద చేరుతుంది. అందుకే ధర బాగున్న రోజుల్లో కనిపించే తక్కువ రుణ నిష్పత్తి చూసి నిశ్చింతగా ఉండటం ప్రమాదకరం.

చరిత్ర: చమురు దేశాల అనుభవం

1973–74లో పీపా ధర 3 డాలర్ల చుట్టుపక్కల నుంచి 12 డాలర్ల దగ్గరకు ఎగబాకింది. 1979–80లో మరోసారి పెరిగింది. ఆ ధరలు శాశ్వతమని నమ్మి అప్పులు చేసిన దేశాల్లో మెక్సికో ముఖ్యమైనది. 1976లో కాంటరెల్ నిక్షేపం దొరికాక విదేశీ బ్యాంకులు ఆ దేశానికి విరివిగా అప్పులిచ్చాయి. 1982 ఆగస్టులో చెల్లించలేమని మెక్సికో ప్రకటించింది. లాటిన్ అమెరికా రుణ సంక్షోభం అక్కడ మొదలైంది. చమురు ఉండటమే అప్పు పుట్టడానికి కారణమైంది, ఆ అప్పే చివరికి దేశాన్ని ముంచింది. ఇదే క్రమం తర్వాత వెనెజువెలాలో మరింత దారుణంగా నడిచి 2017 నవంబరులో ఎగవేత దాకా వచ్చింది. అంగోలా 2004 నుంచి చైనా దగ్గర తీసుకున్న రుణాలకు ముడి చమురునే హామీగా పెట్టింది. ధర పడినప్పుడు అదే అప్పు తీర్చడానికి ఎక్కువ పీపాలు పంపాల్సి వచ్చింది.

సౌదీ అరేబియా చరిత్రలో రెండు కొసలూ కనిపిస్తాయి. 1986 ధరల పతనం, 1990–91 గల్ఫ్ యుద్ధం ఖర్చుల తర్వాత ఆ ప్రభుత్వ రుణం 1990ల చివరికి వార్షిక ఉత్పత్తితో సమానమైంది. 2000ల్లో ధరలు పెరగడంతో తీర్చుకుంటూ వచ్చి 2014 నాటికి రుణాన్ని 1.6 శాతానికి తెచ్చింది. ఆ ఏడాది మధ్యలో 110 డాలర్లు దాటి ఉన్న ధర 2016 జనవరికి 30 డాలర్ల లోపుకు పడింది. 2015లో లోటు ఉత్పత్తిలో 15 శాతం వరకు వెళ్లింది. 73 వేల కోట్ల డాలర్లు దాటిన విదేశీ నిల్వలు 2017 నాటికి 50 వేల కోట్ల దగ్గరకు కరిగాయి. 2016 అక్టోబరులో ఆ దేశం తొలి అంతర్జాతీయ బాండ్లతో 1,750 కోట్ల డాలర్లు సమీకరించింది. 2018లో 5 శాతంతో మొదలైన విలువ ఆధారిత పన్ను 2020 జూలైలో 15 శాతమైంది.

కువైట్ పరిస్థితి వేరు. 1953లోనే లండన్‌లో పెట్టుబడి బోర్డు పెట్టి చమురు సొమ్మును దాచడం మొదలుపెట్టిన దేశమది. 1976లో భావితరాల నిధిని ఏర్పరచి ఏటా రాబడిలో 10 శాతం అందులో వేసింది. 1990లో ఇరాక్ ఆక్రమించినప్పుడు విదేశాల్లోని ఆ ఆస్తులే ప్రవాస ప్రభుత్వాన్ని నిలబెట్టాయి. అయితే 2017లో రుణ చట్టం గడువు ముగిసింది. కొత్త చట్టానికి పార్లమెంటు ఒప్పుకోలేదు. దాంతో అంత సంపన్న ప్రభుత్వం రోజువారీ ఖర్చులకు సాధారణ నిల్వ నిధిని ఖాళీ చేసుకోవాల్సి వచ్చింది. 2020లో భావితరాల నిధికి బదిలీని మిగులు ఉన్న ఏడాదికే పరిమితం చేశారు. 2025 మార్చిలో 3,000 కోట్ల దినార్ల వరకు అప్పు చేయడానికి వీలిచ్చే చట్టం వచ్చింది. ఆస్తులు ఉండటం వేరు, చేతిలో నగదు ఉండటం వేరు అని కువైట్ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

ఒమన్ రుణం 2020లో ఉత్పత్తిలో 70 శాతం దాకా వెళ్లింది. పొదుపు చర్యలు, 2021లో తెచ్చిన విలువ ఆధారిత పన్ను, కలిసొచ్చిన చమురు ధరల వల్ల నాలుగేళ్లలో దాదాపు సగానికి తగ్గింది. 2028 నుంచి అధిక ఆదాయాల మీద 5 శాతం వ్యక్తిగత ఆదాయపు పన్ను వేయడానికి 2025లో శాసనం చేసింది. గల్ఫ్ సహకార మండలి దేశాల్లో ఇలాంటి పన్ను ఇదే మొదటిది. నార్వే 1990లో చమురు నిధి చట్టం చేసి 1996లో తొలి జమ వేసింది. 2001 నుంచి నిధి విలువలో 4 శాతం, 2017 నుంచి 3 శాతం దీర్ఘకాల సగటు మించకూడదన్న నియమంతో బడ్జెట్‌కు వాడుకుంటోంది. అంటే అసలు ముట్టుకోకుండా రాబడి మాత్రమే తింటోంది. ఇదంతా చమురు దొరకక ముందే పన్నుల వ్యవస్థ, శాసనసభ పర్యవేక్షణ బలంగా ఉన్న దేశం చేసిన పని. నిధి పెట్టినంత మాత్రాన అందరికీ ఆ ఫలితం రాదు. నైజీరియా 2004లో పెట్టిన అదనపు చమురు ఖాతా చాలావరకు ఖర్చయిపోయింది.

గల్ఫ్ లోటు, తెలుగు కుటుంబాలు

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దుబాయి, సౌదీలకు, కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు వలస వెళ్లడం, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనుల కోసం మహిళలు కువైట్, ఒమన్, ఖతర్‌లకు వెళ్లడం నాలుగైదు దశాబ్దాలుగా సాగుతోంది. ఆ దేశాల బడ్జెట్ లోటు వీరి దగ్గరకు రెండు దారుల్లో వస్తుంది.

మొదటిది కాంట్రాక్టు బిల్లుల ఆలస్యం. 2015–16లో సౌదీ ప్రభుత్వం నిర్మాణ సంస్థలకు చెల్లింపులు ఆపడంతో కంపెనీలు కూలీల జీతాలు నెలల తరబడి నిలిపేశాయి. 2016 జూలై–ఆగస్టులో జెద్దా శిబిరాల్లో తిండికి ఇబ్బంది పడుతున్న భారతీయ కార్మికులకు ఆహారం అందించే ఏర్పాటును అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించారు. సహాయ మంత్రి వి.కె. సింగ్ అక్కడికి వెళ్లారు. బడ్జెట్ పత్రంలో బకాయిగా కూడా నమోదు కాని ఒక సంఖ్య, శిబిరంలో వంట ఆగిపోయేదాకా రావడమంటే ఏమిటో ఆ వేసవి చూపించింది. రుణ నిలకడ గురించి రాసేవారు మరచిపోకూడని సంగతి ఇది.

రెండోది పన్నులు, రుసుములు. 2017 జూలై నుంచి సౌదీలో విదేశీ ఉద్యోగి మీద ఆధారపడిన ప్రతి కుటుంబ సభ్యుడికీ నెలకు 100 రియాళ్లు కట్టాలి. ఈ మొత్తం ఏటా 100 చొప్పున పెరిగి 2020లో 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలతో ఉన్న ఉద్యోగికి నెలకు 1,200 రియాళ్ల ఖర్చు. చాలామంది కుటుంబాలను ఇంటికి పంపించేశారు.

కృష్ణా–గోదావరి బేసిన్: నిక్షేపం, హక్కు, రాబడి

భూగర్భ శాస్త్రవేత్తలు ఈ బేసిన్‌ను కృష్ణా, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి ఉపబేసిన్లుగా విభజిస్తారు. కృష్ణా ఉపబేసిన్‌ను పశ్చిమ గోదావరి ఉపబేసిన్ నుంచి వేరు చేసేది నేల లోతున ఎత్తుగా లేచిన రాతి గట్టు; దానికి బాపట్ల హార్స్ట్ అని పేరు. ఆ గట్టు పైన కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద వరి పండే నేల. పేరుపొందిన చమురు, వాయు క్షేత్రాలు ఇక్కడికి తూర్పున నరసాపురం, రాజోలు, కైకలూరు వైపు, ఆపై సముద్రంలో ఉన్నాయి.

నేల మీద తీసే చమురు, వాయువులపై రాయల్టీ రాష్ట్రానికి చెందుతుంది. సముద్రంలో తీసేదానిపై చెందదు. ప్రాదేశిక జలాలు, ఖండతీరపు అడుగున ఉన్న ఖనిజాలన్నీ కేంద్రానివని రాజ్యాంగం 297వ అధికరణం చెబుతోంది. 1987లో బయటపడిన రవ్వ, 2002లో బయటపడి 2009 ఏప్రిల్‌లో వాయు ఉత్పత్తి మొదలైన కేజీ–డీ6, 2024 జనవరి 7న తొలి చమురు అందించిన ఓఎన్‌జీసీ లోతు సముద్ర క్షేత్రం మూడూ సముద్రంలోవే. కాబట్టి రాయల్టీ గానీ లాభంలో ప్రభుత్వ వాటా గానీ నేరుగా కేంద్రానికి వెళతాయి. తీరంలో గొట్టపు మార్గాలు, టెర్మినళ్ల భారం మోసే రాష్ట్రానికి అందులో సగం వాటా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు అడుగుతూ వచ్చాయి. రాజ్యాంగ సవరణ గానీ కేంద్రం ప్రత్యేక నిర్ణయం గానీ లేకుండా అది నెరవేరేది కాదు. డిమాండులో న్యాయం ఉంది. అయితే ఆ సొమ్ము వస్తుందన్న ఆశ మీద బడ్జెట్ కట్టడానికి ఆధారం లేదు.

వాయువు ఆదాయం రాష్ట్రానికి రాకపోయినా, వాయువు రాకపోవడం వల్ల కలిగిన నష్టం మాత్రం వచ్చింది. కేజీ–డీ6 ఉత్పత్తి 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. 2013–14 నాటికి అందులో నాలుగో వంతు కంటే కిందికి పడింది. దాన్ని నమ్ముకుని వేమగిరి, జేగురుపాడు, కొండపల్లిలలో కట్టిన గ్యాస్ విద్యుత్ కేంద్రాలు మూలనపడ్డాయి. విభజనకు ముందున్న ఉమ్మడి రాష్ట్రంలో తీవ్రమైన కరెంటు కోతలు ఆ రోజులవే. విద్యుత్ పంపిణీ సంస్థలు బయట ఎక్కువ ధరకు కరెంటు కొన్నాయి. వాటి నష్టాలు పెరగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 2016లో పంపిణీ సంస్థలను గట్టెక్కించే కేంద్రపు ఉదయ్ పథకంలో చేరినప్పుడు ఆ సంస్థల అప్పుల్లో 75 శాతాన్ని రాష్ట్ర ప్రభుత్వం నెత్తికెత్తుకుంది. సముద్రగర్భంలో తప్పిన అంచనా ఆ విధంగా రాష్ట్ర రుణంలో ఒక పద్దుగా చేరింది.

ఇదే సముద్రంలో మరో రాష్ట్రం కూడా దెబ్బతింది. గుజరాత్ ప్రభుత్వ పెట్రోలియం సంస్థ 2005లో కేజీ తీరంలో భారీ వాయు నిక్షేపం కనుగొన్నట్టు ప్రకటించి, దాని కోసం పెద్ద ఎత్తున అప్పులు చేసింది. 2015 నాటికి ఆ సంస్థ అప్పులు దాదాపు 20 వేల కోట్ల రూపాయలకు చేరాయి; ఆశించిన ఉత్పత్తి రాలేదు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) తన నివేదికల్లో ఈ వ్యవహారాన్ని తప్పుపట్టింది. 2017లో ఆ క్షేత్రంలో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ సుమారు 7,738 కోట్ల రూపాయలకు కొన్నది. నిక్షేపం అంచనాను ఆస్తిగా భావించి అప్పు చేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి మెక్సికో దాకా వెళ్లనక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రుణం

రాష్ట్రం స్వతంత్ర దేశం కాదు. దాని అప్పుకు రాజ్యాంగపు హద్దులున్నాయి. 293వ అధికరణం ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తీసుకోవాలి. విదేశీ మార్కెట్‌లో సొంతంగా అప్పు చేయడానికి లేదు. ప్రపంచ బ్యాంకు రుణాలు కూడా కేంద్రం ద్వారానే రావాలి. రాష్ట్రం బాండ్లను రిజర్వు బ్యాంకు సాధారణంగా మంగళవారాల్లో వేలం వేస్తుంది. ‘మంగళవారం అప్పు’ అన్న మాట ఆంధ్రప్రదేశ్ రాజకీయాల్లో నలిగిన మాట.

1998లో ప్రపంచ బ్యాంకు ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టుతో ఉమ్మడి రాష్ట్ర ద్రవ్య విధానంలో కొత్త దశ మొదలైంది. సి. రంగరాజన్ అధ్యక్షుడిగా ఉన్న 12వ ఆర్థిక సంఘం, లోటుకు హద్దులు పెట్టే ద్రవ్య బాధ్యత చట్టం చేసిన రాష్ట్రాల కేంద్ర రుణాలను 7.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు మార్చాలని సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ 2005లో ఆ చట్టం చేసింది. ఆ దశాబ్దం చివరి భాగంలో రాష్ట్రం రెవెన్యూ మిగులు చూపించింది.

2014 జూన్ 2న విభజనతో లెక్క మారింది. అప్పులను జనాభా ప్రకారం 58.32, 41.68 నిష్పత్తిలో పంచారు. హైదరాబాదు రాబడి తెలంగాణకు వెళ్లింది. 2014–15లో సుమారు 16 వేల కోట్ల రెవెన్యూ లోటు ఏర్పడిందని రాష్ట్రం చెప్పింది. కేంద్రం తొలుత 4 వేల కోట్ల లోపే ఇచ్చి, 2023 మేలో మరో 10,460 కోట్లు విడుదల చేసింది. 14వ ఆర్థిక సంఘం 2015–20కి 22,113 కోట్లు, 15వ సంఘం 2021–26కి 30,497 కోట్లు రెవెన్యూ లోటు గ్రాంటుగా సిఫారసు చేశాయి. రెండోదాంట్లో చివరి రెండేళ్లకు ఒక్క రూపాయి కూడా లేదు. ధర పడిన చమురు దేశానికి, గ్రాంటు ఆగిన రాష్ట్రానికి వచ్చే ఇబ్బంది ఒకటే: జీతాలు, పింఛన్లు, పథకాల ఖర్చు మాత్రం ఆగదు.

బడ్జెట్ బయటి అప్పులు

అధికారిక రుణం రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో దాదాపు మూడో వంతు. 2024 జూలైలో ప్రభుత్వం విడుదల చేసిన శ్వేతపత్రం మొత్తం భారాన్ని 9.74 లక్షల కోట్ల రూపాయలుగా చూపింది. కార్పొరేషన్ల అప్పులు, విద్యుత్ సంస్థల బాకీలు, చెల్లించని బిల్లులు కూడా అందులో కలిసి ఉన్నాయి. అంతకుముందు అధికారంలో ఉన్న పార్టీ ఆ లెక్కను తోసిపుచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఇలాంటి శ్వేతపత్రంలోనే 6.71 లక్షల కోట్లు చూపింది. అందులో కాళేశ్వరం కార్పొరేషన్ రుణాల వంటివి ఉన్నాయి.

భవిష్యత్తు రాబడిని తాకట్టు పెట్టి కార్పొరేషన్ల పేరుతో అప్పు చేయడం ఏ ఒక్క పార్టీ పద్ధతీ కాదు. 2020లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర అభివృద్ధి కార్పొరేషన్ మద్యంపై రాబోయే పన్ను రాబడి చూపించి బ్యాంకుల దగ్గర రుణాలు తీసుకుంది. కేంద్ర ఆర్థిక శాఖ వివరణ అడిగింది. ప్రభుత్వం మారాక 2025లో ఖనిజాభివృద్ధి సంస్థ 9,000 కోట్ల బాండ్లకు పూనుకున్నప్పుడు రాష్ట్ర ఖజానాకు మూలమైన సంచిత నిధి మీద రుణదాతలకు హక్కు ఇస్తున్నారంటూ వివాదం రేగింది. అంగోలా చమురును చూపితే ఇక్కడ మద్యం, గనులు చూపించారు. మామూలు బాండ్ల కంటే ఈ అప్పుల వడ్డీ ఎక్కువ. శాసనసభ ముందుకు వచ్చే పద్దులో పూర్తిగా కనిపించవు. రాష్ట్ర బడ్జెట్ నుంచి అసలు, వడ్డీ కట్టే కార్పొరేషన్ రుణాలను రాష్ట్ర అప్పుగానే లెక్కిస్తామని 2022 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు తెలిపింది.

పెట్రోలు పన్ను

పెట్రోలు, డీజిలు, ముడి చమురు, సహజవాయువు జీఎస్టీ పరిధిలో లేవు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం విలువ ఆధారిత పన్ను, దానిపై లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి వసూలు చేస్తారు. శాతం మీద వేసే పన్ను కాబట్టి ధర పెరిగితే రాష్ట్ర రాబడీ పెరుగుతుంది. ఈ ఒక్క విషయంలో రాష్ట్ర ఖజానా చమురు దేశం లాగే నడుస్తుంది. తేడా ఏమిటంటే, చమురు దేశం ఆ సొమ్ము విదేశీ కొనుగోలుదారు దగ్గర వసూలు చేస్తుంది. ఇక్కడ ఆ భారం వరికోత యంత్రానికి డీజిలు పోయించే రైతు మీద, ఆటో నడిపేవాడి మీద పడుతుంది.

నిలకడ సూచీలు, రక్షణ నిధులు

ఎన్.కె. సింగ్ కమిటీ 2017లో దేశం మొత్తం ప్రభుత్వ రుణాన్ని ఉత్పత్తిలో 60 శాతానికి, అందులో రాష్ట్రాల వాటాను 20 శాతానికి పరిమితం చేయాలని సూచించింది. ఆంధ్రప్రదేశ్ ఈ గీతకు చాలా పైన ఉంది. పంజాబ్ వంటి రాష్ట్రాలు ఇంకా పైన ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వార్షిక నికర రుణ పరిమితిని 2021–22కి 4 శాతం, మరుసటి ఏడాదికి 3.5 శాతం, ఆపై 3 శాతంగా పెట్టింది. విద్యుత్ సంస్కరణలు చేస్తే 0.5 శాతం అదనం.

నిష్పత్తి ఒక్కటే చూస్తే చాలదు. రెవెన్యూ రాబడిలో వడ్డీకి పోయేదెంత, అప్పులో ప్రాజెక్టులకు వెళ్లిందెంత, జీతాలు, పథకాలకు వెళ్లిందెంత, పూచీకత్తుల కింద దాగి ఉన్నదెంత అన్నవి కలిపి చూడాలి. వీటిలో రెండోదే అన్నిటికంటే ముఖ్యం. కాలువ ఆధునికీకరణకు చేసిన అప్పు రాబడిని పెంచి తన వడ్డీ తాను కట్టుకోగలదు. రెవెన్యూ లోటు పూడ్చడానికి చేసిన అప్పుకు ఆ వీలు లేదు.

చమురు దేశాల తరహా సంపద నిధి భారత రాష్ట్రాల్లో సాధారణంగా ఉండదు. దాని బదులు రిజర్వు బ్యాంకు నిర్వహణలో రెండు చిన్న నిధులున్నాయి: అప్పుల అసలు తీర్చడానికి దాచే ఏకీకృత రుణ విమోచన నిధి, పూచీకత్తులు మీద పడితే కట్టడానికి దాచే హామీల విమోచన నిధి. అప్పు ఏ పరిమాణంలో పెరుగుతోందో అదే పరిమాణంలో వీటిలో జమ వేయాలన్న నిర్బంధం రాష్ట్రాల మీద లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఐదేళ్లకు వర్తించే పంపకాలు అరవింద్ పనగారియా అధ్యక్షతన ఏర్పడిన 16వ ఆర్థిక సంఘం పరిధిలోవి.